విడుపు లేని గంట

పట్టు 7340 తరువాత

రాయమంది సువార్త, నేల నుంచి వచ్చి మా వైద్యశాలలో పనిచేసే పిల్ల. ఏం తిన్నాను, నీళ్ళు ఎన్ని తాగాను, దొడ్డికి ఎప్పుడు వెళ్ళాను, ఎంతసేపు కూర్చున్నాను, పని అయిందా లేదా. ప్రతి పట్టు తరువాతా ఇవి రాసి చూపించాలట. ఇదిగో జవాబులు. తిన్నది గోంగూర, చేప, అటుకులు. తాగింది కడుపు ఉబ్బేదాకా. కూర్చున్నది కాళ్ళు తిమ్మిరెక్కేదాకా. పని కాలేదు.

నేల మీద, అంటే భూమి మీద, ఉన్న వాళ్ళ పెద్ద డాక్టర్లు కూడా ఇది చదువుతారని చెప్పింది కాబట్టి, తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. నా పేరు నూకరత్నం. ఊయల అనే మా ఆకాశం ఊళ్ళో గంట కాపరిని. చంద్రుడి మీద గనుల్లోంచి విసిరిన సరుకుని మా ఊయల పొడవాటి తాడు చివరనున్న కొక్కెం ఆకాశంలోనే అందుకుంటుంది. దాన్ని పట్టు అంటాం. పట్టు పడినప్పుడల్లా ఊరు ఊరంతా ఒక్క కుదుపు కుదిపి, ఒంటి బరువు అయిదింతలవుతుంది. నాలుగైదు ఊపిర్లు పీల్చేంతసేపు, అంతే. ఆ కాసేపూ తలలో రక్తం కాళ్ళలోకి జారిపోకుండా పిక్కలు, తొడలు, పొట్ట, కింద కండరాలు అన్నీ బిగబట్టాలి. దాని పేరు బిగింపు. మా పిల్లలకి నడక కంటే ముందు అదే నేర్పుతాం. సరుకు దగ్గరపడగానే గంట మోగించి ఊరందరినీ బిగించేది నేను, నేను లేనప్పుడు మా ఆయన గంగిరాజు.

అంత బిగించే నాకు ఇప్పుడు లోపలున్నది బయటికి రావడం లేదు. డాక్టరు ఆచారిగారు బొమ్మ తీసి చూపించారు. పెద్దపేగు సాగి సాగి ఉందట, ఇంకా సాగితే చిరుగుతుందట. దిగుడు ఓడ బయలుదేరింది. అందులో కోత యంత్రం వస్తోంది. పేగు కోసి, పొట్టకి పక్కనుంచి సంచి తగిలిస్తారు. పొట్ట కోసినవాళ్ళు బిగింపు పట్టలేరు, కుట్లు తెగుతాయి. అందుకని వాళ్ళని అదే ఓడలో నేలకి దింపేస్తారు.

నేను ఊయలలో పుట్టాను. నేల చూడలేదు. మా మేనత్తని ఇలాగే దింపేశారు. ఇక్కడ పెరిగిన ఎముకలు అక్కడి బరువు మొయ్యలేవు, మంచం దిగలేకపోయింది. కొన్నాళ్ళు మాట పంపేది. పైకప్పు లేని ఆకాశం కిటికీలోంచి కనబడుతుంటే కళ్ళు మూసుకుని పడుకుంటున్నానే అమ్మీ అనేది. తరువాత మాట రావడం మానేసింది. నాకు భయంగా ఉంది. అడగలేదు కానీ అది కూడా రాస్తున్నాను.

పట్టు 7342 తరువాత

ఈవేళ పరీక్ష. సన్నటి తీగకి వేలెడంత సాధనం ఉంది, దాన్ని వెనక నుంచి లోపలికి పెట్టింది. సిగ్గుతో చచ్చాను. ఎదురుగా తెర మీద ఒక పచ్చగీత. కింద కండరం బిగిస్తే గీత లేస్తుంది, వదిలితే దిగుతుంది.

"ఇప్పుడు దొడ్లో కూర్చున్నట్టు అనుకుని ముక్కండి రత్నమ్మగారూ," అంది సువార్త.

ముక్కాను. గీత తెర పైఅంచు దాటిపోయింది! ఊయలలో ఎవరికీ ఇంత బిగింపు ఉండదని నాకు అనుమానం ఎప్పటినుంచో ఉంది, ఇప్పుడు రుజువైంది. గర్వంగా దానివైపు చూశాను. ఆ పిల్ల మెచ్చుకోలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"గీత పైకి పోకూడదండి. దిగాలి. మీరు పైనుంచి నెడుతున్నారు, అదే క్షణంలో కింద తలుపు గట్టిగా మూస్తున్నారు. పేగుకి ఏ రోగమూ లేదు. కటి అడుగునుండే కండరాలు తిరగబడి పని చేస్తున్నాయి. దీనికి కత్తి అక్కర్లేదు, వాటికి మళ్ళీ నేర్పాలి."

"ఎంత గట్టిగా ముక్కితే అంత..." అన్నాను.

"అందుకేనండి రానిది."

నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఇన్నేళ్ళూ తలుపు మూసుకుని తలుపు తోస్తున్నానన్నమాట.

సువార్త ఆచారిగారితో గొడవపడి ఒక ఒప్పందం తెచ్చింది. ఓడ వచ్చిన రోజు పరీక్ష. నిమ్మకాయంత బుడగలో గోరువెచ్చని నీళ్ళు నింపి లోపల పెడతారు. నిమిషంలోపల దాన్ని బయటికి పంపగలిగితే కోత ఉండదు. మూడు అవకాశాలు. ఇవ్వాళ సాధన కోసం పెట్టింది. నిమిషం కాదు, అర గంట కూర్చున్నా అది కదల్లేదు.

పట్టు 7345 తరువాత

నేర్చుకోవలసినవి. ఉపాహారం తిన్న వెంటనే వెళ్ళాలి, పేగు అప్పుడే లేస్తుందట. పది నిమిషాలకి మించి కూర్చోకూడదు. పాదాల కింద పీట వేసుకుని మోకాళ్ళు నడుము కంటే ఎత్తుగా పెట్టాలి, ముందుకి వంగాలి. ఊపిరి బిగబట్టకూడదు. పొట్ట ఉబ్బేలా పీల్చి, పెదాలు మూసి "మ్‌మ్‌మ్" అంటూ మెల్లగా వదలాలి. వదిలేటప్పుడు పొట్ట వెడల్పు కావాలి, కింద తలుపు తెరుచుకుంటున్నట్టు ఊహించుకోవాలి.

పీట గంగిరాజు చేశాడు, సరుకు పెట్టె మూత కోసి. కొలత చూడ్డానికి తనే కూర్చున్నాడు. లేవడానికి తొందరపడలేదు.

"ఏటీ, రాజుగోరు సింహాసనం ఎక్కీసినారు?" అన్నాను.

"బాగుందే. మోకాళ్ళు పైకెడితే లోపలేటో సర్దుకున్నట్టుంది. నువ్వు కూకో, నాను పోతాను," అని తలుపు దగ్గరగా వేశాడు.

కూర్చున్నాను. పీట బాగుంది. ఊపిరి బాగుంది. "మ్‌మ్‌మ్" కూడా బాగుంది. కింద వదలడం మొదలవుతుందనగా ఒళ్ళు ఒక్కసారిగా జలదరించి మళ్ళీ బిగుసుకుపోయింది.

ఎందుకో నాకు తెలుసు. మా చిన్నాన్న సూరప్పడు దొడ్లో కూర్చున్నప్పుడే పోయాడు. గంట వినబడింది, కానీ ఒళ్ళు వదిలేసి ఉన్నాడు, బిగించుకునేలోపల పట్టు పడింది. రక్తం కిందకి జారింది, తల గోడకి కొట్టుకుంది. ఊయలలో ఏ తల్లైనా బిడ్డని కూర్చోబెట్టి చెప్పే మొదటి కథ ఇదే. మా ఊళ్ళో తిట్టు కూడా అదే. పని చెడగొట్టేవాణ్ణి వదులుగాడు అంటాం. అలాంటి ఊళ్ళో పుట్టినదానికి వదులు అని ఈ నేలపిల్ల చెబుతోంది.

పట్టు 7347 తరువాత

పని కాలేదు.

దూరదర్శిని తెరలో కొత్త చుక్క కనబడింది. ఎర్రగా, మెల్లగా. సరుకైతే దొర్లుతూ వస్తుంది, మిణుకుమిణుకుమంటుంది. ఇది మిణుకుమనడం లేదు. దిగుడు ఓడ.

ఊళ్ళో అందరికంటే ముందు నాకు కనబడుతుంది ఏదొచ్చినా. అది నా ఉద్యోగం. కాపలా దిగేవరకు కళ్ళు దాన్ని విడిచిపెట్టలేదు. ఇంటికొచ్చాక గోడ మీద కూడా అదే కనబడింది.

పట్టు 7349 తరువాత

సువార్త మీద అరిచాను. గీత దిగడం లేదని, పొద్దుటి నుంచి నాలుగోసారి పెట్టిన బుడగ కదలడం లేదని.

"నువ్వు నేల మనిషివి! గంట మోగితే బిగించడం కూడా రాదు నీకు. ప్రతి పట్టుకీ కింద పడి వాంతి చేసుకుంటావు. నాకు వదలడం నేర్పుతున్నావా? నేనలా వదిలేసి, రేపు గంట మోగితే? ఒళ్ళు బిగింపు మరిచిపోతే?"

ఆ పిల్ల తగ్గలేదు. "మరిచిపోదక్కా. చెయ్యి ముడవడం వచ్చినవాళ్ళు తెరిస్తే, ముడవడం మరిచిపోతారా? మీరు బలహీనపడటం లేదు. రెండోది నేర్చుకుంటున్నారు."

మొదటిసారి అక్కా అంది. నేను తీగ పీకేసి వచ్చేశాను. ఇంటికి వచ్చి పీట మీద కాళ్ళు పెట్టుకుని కూర్చుని ఏడ్చాను. ఏడుస్తున్నప్పుడు కూడా కింద బిగుసుకునే ఉంది. అది గమనించాను.

పట్టు 7351 సమయంలో, తరువాత

ఇది వివరంగా రాయాలి.

సిగ్గు చంపుకుని మళ్ళీ వెళ్ళాను. సాధనం లోపల ఉంది, తెర ఎదురుగా ఉంది, నేను "మ్‌మ్‌మ్" అంటున్నాను. గంట గదిలో గంగిరాజు ఉన్నాడు. గంట మోగింది.

దొడ్లో కూర్చున్నట్టు కూర్చుని గంట వినడం నా జీవితంలో అదే మొదలు. నాకు ఎప్పుడు వస్తుందో ముందే తెలుసు కాబట్టి ఆ వేళకి ఎప్పుడూ లేచి నిలబడేదాన్ని. సూరప్పడు చిన్నాన్న కళ్ళముందు కదిలాడు. అయిపోయింది, చచ్చాను అనుకున్నాను. ఒళ్ళు మాత్రం నన్ను అడగలేదు. పిక్క, తొడ, పొట్ట, అన్నీ వాటంతట అవే బిగిశాయి. బరువు వచ్చింది, మీద కూర్చుంది, పోయింది. నేను బతికే ఉన్నాను. కళ్ళకి చీకట్లు కూడా కమ్మలేదు.

సువార్త మామూలుగానే నేల మీద పడి ఉంది. మూతి తుడుచుకుని లేచి తెర చూసింది.

"అక్కా, గీత చూడండి."

గీత పైఅంచున ఉంది. గంటకి లేచింది, అక్కడే ఉంది. పట్టు అయిపోయింది. వీధిలో పిల్లల మాటలు వినబడుతున్నాయి. ఆ పిల్ల మంచినీళ్ళు తాగింది, నేలంతా తుడిచింది, వచ్చి మళ్ళీ కూర్చుంది. గీత అక్కడే ఉంది.

"పట్టు అయిపోయింది కదా. మీరెప్పుడు వదులుతారు?"

"అదేంటి, బరువు పోగానే ఎవరికి వాళ్ళు లేచి పనిలో పడతారు."

"వాళ్ళ సంగతి కాదు. మీరు."

ఆలోచించాను. బరువు పోగానే నేను చేసే పని తెర వైపు తిరగడం. తరువాతి చుక్క ఎక్కడుందో వెతకడం. చేతిలో గంట తాడు అలాగే ఉంటుంది. కాపలా దిగి ఇంటికి వచ్చినా మనసు చుక్కల మీదే.

"బిగించమని గంట ఉంది. అయిపోయింది, ఇంక వదలండి అని చెప్పే గంట ఉందా మీకు?"

"లేదు," అన్నాను. ఇన్ని వేల పట్లు పట్టింది ఈ ఊరు, ఒక్కదానికీ అయిపోయిందని చెప్పలేదు ఎవరూ. చెప్పవలసిన మనిషిని నేనే.

సువార్త లేచి తన స్టీలు గ్లాసూ చెంచా పట్టుకొచ్చింది. "ఇప్పుడు మీరు కావాలనే బిగించండి. గట్టిగా. పట్టు పడినంత గట్టిగా. ఉంచండి." గ్లాసు మీద చెంచాతో కొట్టింది, టింగుమని. "అయిపోయింది అక్కా. వదిలేయండి."

మొదటిసారి ఏమీ కాలేదు. పదోసారి కాబోలు, టింగుమన్నాక లోపల ఏదో పట్టు సడలి కిందికి దిగింది. వెచ్చగా, విచిత్రంగా. తెర వైపు చూస్తే గీత అడుగున ఉంది. దానికి అడుగు ఉంటుందని కూడా నాకు తెలియదు.

నాకు భయం వేసింది. ఆనందం కాదు, భయమే. నా ఒంట్లో నాకు తెలియని గది ఒకటుందని ఎవరో తలుపు తీసి చూపించినట్టయింది.

పట్టు 7353 తరువాత

ఉపాహారం తరువాత, పీట మీద, గంగిరాజు తలుపు బయట నిలబడి గ్లాసు మోగించగా, కొంచెం. రాయి లాంటివి రెండు. కానీ వచ్చాయి. రాస్తుంటే నవ్వొస్తోంది. రెండు రాళ్ళ కోసం మొగుడూ పెళ్ళాం కావలించుకున్నారు.

"ఊరందరికీ నాను గంట కాపరిని. నా పెళ్ళానికి సెంచా కాపరినైపోనాను," అన్నాడు.

ఎర్ర చుక్క ఇప్పుడు చుక్క కాదు. రెక్కలు తెలుస్తున్నాయి. ఆచారిగారు రెండు రాళ్ళకి లొంగలేదు. "సంతోషమే అమ్మా. కానీ బొమ్మలో ఉన్నది రెండు రాళ్ళు కాదు. బుడగ పరీక్ష నెగ్గకపోతే నిన్ను నేనిక్కడ ఉంచలేను. పేగు చిరిగితే నా చేతుల్లో పోతావు," అన్నారు. ఆయన చెడ్డమనిషి కాదు. అదే ఎక్కువ భయపెడుతోంది.

పట్టు 7355

దిగుడు ఓడ పట్టుకి గంట గదిలో నేనే ఉన్నాను. వంతు నాదే. నన్ను తీసుకుపోవడానికి వస్తున్నదానికి నేనే గంట కొట్టాలి. తాడు పట్టుకుంటే చెయ్యి జారింది, అంత చెమట. ఒక్క క్షణం, కొట్టకపోతే ఏమవుతుంది అనే ఆలోచన వచ్చింది. ఏమవుతుందో సూరప్పడు చిన్నాన్నకి తెలుసు. కొట్టాను.

ఓడ బరువు సరుకు బరువులా కాదు. ఎముకలు కిర్రుమన్నాయి. అది పోగానే గంగిరాజు వచ్చి తాడు అందుకున్నాడు. "ఎల్లు," అన్నాడు. నా మొహం వైపు చూడలేదు.

సువార్త పరీక్షగదిలో లేదు. ఓడ బరువుకి స్పృహ తప్పి పడిపోయిందట, పక్క గదిలో చేతికి సూది పెట్టి పడుకోబెట్టారు. తలుపు తెర తీసి చూశాను. మొహం తెల్లగా పాలిపోయి ఉంది. దానికి బిగించడం రాదు కదా. అయినా ఏడాదిగా ఇక్కడే ఉంది.

ఆచారిగారు బుడగ పెట్టి, గడియారం పట్టుకుని గుడ్డ తెర వెనక నిలబడ్డారు. పీట వేసుకున్నాను. ముందుకి వంగాను. "మ్‌మ్‌మ్" అన్నాను. బుడగ కదల్లేదు.

"నిమిషం," అన్నారాయన.

రెండోసారికి నా గ్లాసు తీసుకున్నాను. సంచిలో తెచ్చుకున్నాను దాన్ని. చెంచాతో నేనే కొట్టుకున్నాను. టింగుమంది. ఒళ్ళు నమ్మలేదు. ఎలా నమ్ముతుంది? మోగించేది నేనే, మోగించాక కాపలా ఉండేదీ నేనే. నా చేతి చప్పుడు వినగానే ఒళ్ళు తరువాతి చుక్క కోసం చూడటం మొదలుపెట్టింది. మళ్ళీ కొట్టాను. మళ్ళీ. చేతిలోంచి చెంచా జారి కింద పడింది.

"నిమిషం," అన్నారు. ఈసారి ఆయన గొంతు మెత్తగా ఉంది. "రత్నం, కాసేపు ఆగి మొదలుపెడదామా?"

ఆగితే మాత్రం ఏమొస్తుంది? కిటికీలోంచి ఓడ కనబడుతోంది. దాని తలుపు తెరిచి నిచ్చెన తగిలిస్తున్నారు. ఆ తలుపులోంచి నన్ను పడుకోబెట్టి తోస్తారు. కింద మంచం, కిటికీ, పైకప్పు లేని ఆకాశం. మా మేనత్త కళ్ళు మూసుకుని పడుకునేది. నేనూ అలాగే మూసుకున్నాను. మొదలుపెట్టండి అన్నాను.

అప్పుడు ఊరి మైకులో చప్పుడైంది.

గంట గది మైకులో గంట తప్ప మరే చప్పుడూ రాకూడదు. అది ఊయలలో మొదటి నియమం. వేరే చప్పుడు వస్తే జనం బెదిరిపోతారు, చేసినవాడి ఉద్యోగం పోతుంది. ఆ మైకులో, ప్రతి వీధిలో, ప్రతి గదిలో, టింగుమంది. స్టీలు గ్లాసు మీద చెంచా.

"అయిపోయిందర్రా," అన్నాడు గంగిరాజు. గొంతు బొంగురుగా ఉంది. "పట్టు అయిపోయింది. సుట్టూ సూసీసినాను, ఇంకే సుక్కా నేదు. నాను కాపలా ఉన్నాను. ఒగ్గీండి." కాస్త ఆగాడు. "రత్నం, నాను సూస్తన్నాను కదేటే. నువ్వు ఒగ్గీ."

మళ్ళీ టింగుమంది.

నా భుజాలు దిగాయి. అవి అంత ఎత్తున ఉన్నాయని కూడా నాకు తెలియదు. దవడ వదిలింది. పొట్ట వదిలింది. ఆ తరువాత, ఇన్నేళ్ళుగా తాడు పట్టుకుని కూర్చున్నదేదో అట్టడుగున నా లోపల తాడు వదిలేసింది. నేను ముక్కలేదు. ఊపిరి వదిలానంతే.

బుడగ గిన్నెలో పడిన చప్పుడు ఆచారిగారికి కూడా వినబడింది.

ఆయన గడియారం చూడటం మరిచిపోయారు. తెర పక్కకి తీసి చూస్తే ఒక చెయ్యి గోడకి ఆనించి, ఒక చెయ్యి పొట్ట మీద వేసుకుని నిలబడి ఉన్నారు. ఆయనా ఊయలలో పుట్టినవారే. మొహంలో ఏదో ఆశ్చర్యం.

"డాక్టరుగారూ, ఏటైనాది?"

"ఏం లేదమ్మా. నీ పేరు ఓడ జాబితాలోంచి కొట్టేస్తాను," అన్నారు. మళ్ళీ ఆగి, చాలా మర్యాదగా అడిగారు. "ఆ పీట కాస్త అలాగే ఉంచి, నువ్వు బయటికి వెళ్తావా?"

బయటికి వచ్చాను. నడవాలో జనం. వైద్యశాల దొడ్ల ముందు, వీధి దొడ్ల ముందు, గోడ పట్టుకుని వరసగా. ఒకరి మొహం ఒకరు చూసుకోవడానికి సిగ్గుపడుతున్నారు. కొందరు ఏడుస్తున్నారు, ఎందుకో వాళ్ళకీ తెలిసినట్టు లేదు. సువార్తకి మెలకువ వచ్చి మంచం మీద లేచి కూర్చుంది. ఆ వరస చూసి, నన్ను చూసి, రెండు చేతులతో నోరు మూసుకుంది.

ఓడ నేను లేకుండానే వెళ్ళింది. అది తెరలో చుక్కయ్యేదాకా నేనూ గంగిరాజూ గంట గదిలో కూర్చుని చూశాం. మైకులో గ్లాసు మోగించినందుకు గంగిరాజు ఉద్యోగం సంగతి పెద్దలు రేపు తేలుస్తారట. పిలిచిన పెద్దలు కూడా వరసలోనే ఉన్నారని విన్నాం.

నాకింకా భయంగానే ఉంది. కానీ తాడు పక్కన ఇప్పుడు గ్లాసు కూడా ఉంది.

సువార్త అడిగినవాటికి జవాబులు. తిన్నది గంజి. తాగింది రెండు గ్లాసులు. కూర్చున్నది నాలుగు నిమిషాలు. వెళ్ళాను.